పిల్లలకు ఫోలిక్ యాసిడ్: అవసరం ఎంత, పరిమితి ఎంత, ఇంట్లో లెక్క ఎలా వేయాలి

పిల్లవాడు సరిగా తినడం లేదన్న దిగులు ఉన్న ఇంట్లో ఉదయం పూట తరచుగా జరిగేది ఇది. గిన్నెలో విటమిన్లు కలిపిన ఫ్లేక్స్ పోస్తారు, పాలలో విటమిన్లు కలిపిన పొడి వేస్తారు, ఆ రెండూ చాలవేమోనన్న అనుమానంతో చేతిలో ఒక మల్టీవిటమిన్ గమ్మీ కూడా పెడతారు. మూడూ ప్రేమతో చేసే పనులే. అయితే ఆ మూడు డబ్బాల మీదా చిన్న అక్షరాల్లో ఫోలిక్ యాసిడ్ అన్న పేరు ఉంటుంది. మూడింటినీ కలిపి ఎంత అయిందో చూసేవారు మాత్రం చాలా అరుదు. ఆ కూడిక ఎలా చేయాలో, వచ్చిన మొత్తాన్ని దేనితో పోల్చాలో, ఆ తరువాత ఏ నిర్ణయం తీసుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను. కావలసినవి ఒక కాగితం, ఒక పెన్ను, వీలైతే వంటింటి తూకం.

మొదటి అడుగు: ఫోలేట్‌కూ ఫోలిక్ యాసిడ్‌కూ తేడా గుర్తించడం

రెండూ బీ9 విటమిన్ రూపాలే కనుక చాలామంది ఒకదాని పేరు బదులు మరొకటి వాడతారు. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, చిక్కుళ్లు, నారింజ, గుడ్డు, కాలేయం వంటి వాటిలో సహజంగా ఉండేది ఫోలేట్. 1941లో దీన్ని పాలకూర నుంచి వేరు చేసినప్పుడు, ఆకు అన్న అర్థం ఉన్న ఫోలియం అనే లాటిన్ మాట నుంచి ఈ పేరు పెట్టారు. ఫోలిక్ యాసిడ్ ఫ్యాక్టరీలో తయారయ్యే రూపం. అది వేడికీ నిల్వకూ తట్టుకుంటుంది కాబట్టి పిండిలో, బ్రెడ్డులో, ఫ్లేక్స్‌లో, మాత్రల్లో దాన్నే కలుపుతారు.

శరీరానికి ఈ విటమిన్ కావలసింది ప్రధానంగా కణ విభజనకు. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ తయారు కావాలి, దానికి ఫోలేట్ కావాలి. ఎర్ర రక్తకణాలు నిత్యం పుడుతూనే ఉంటాయి కనుక లోటు ఏర్పడితే మొదట అక్కడే బయటపడుతుంది. కణాలు సరిగా విభజన చెందక పెద్దవిగా ఉండిపోయి, సంఖ్యలో తగ్గి, మెగాలోబ్లాస్టిక్ అనీమియా అనే రక్తహీనత వస్తుంది. ఎదిగే పిల్లలకు కొరత రాకూడదని అనడానికి కారణం ఇదే.

ఇక లెక్కకు అవసరమైన తేడా ఒకటి ఉంది. ఆహారంలోని సహజ ఫోలేట్‌లో దాదాపు సగమే శరీరానికి ఉపయోగపడుతుందనీ, ఆహారంతో కలిసి వచ్చే ఫోలిక్ యాసిడ్ దాదాపు 85 శాతం ఉపయోగపడుతుందనీ లెక్క వేస్తారు. ఈ అసమానతను సరిచేయడానికి డీఎఫ్ఈ, అంటే ఆహార ఫోలేట్ తుల్యాంకం, అనే కొలమానం పెట్టారు. 1 మైక్రోగ్రాము సహజ ఫోలేట్ 1 మైక్రోగ్రాము డీఎఫ్ఈ అవుతుంది. అంతే డీఎఫ్ఈ రావడానికి ఆహారంతో కలిసిన ఫోలిక్ యాసిడ్ 0.6 మైక్రోగ్రాము చాలు. తలకిందులుగా చెప్పాలంటే, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ దాదాపు 170 మైక్రోగ్రాముల డీఎఫ్ఈకి సమానం. ఈ 0.6 అన్న సంఖ్యను కాగితం పైభాగాన రాసి పెట్టుకోండి, ఇకమీద లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

రెండో అడుగు: అవసరం ఒక కొలతలో, పరిమితి మరో కొలతలో

చదువుకున్నవారు కూడా తడబడేది ఇక్కడే. రోజుకు ఎంత అవసరమో చెప్పే అంకెలు డీఎఫ్ఈలో ఉంటాయి. ఎంత దాటకూడదో చెప్పే అంకెలు మాత్రం నేరుగా ఫోలిక్ యాసిడ్ మైక్రోగ్రాముల్లో ఉంటాయి, పైగా అవి కలిపిన ఆహారం ద్వారా, సప్లిమెంట్ల ద్వారా వచ్చే ఫోలిక్ యాసిడ్‌కు మాత్రమే వర్తిస్తాయి. ఆకుకూరల నుంచీ పప్పుల నుంచీ వచ్చే సహజ ఫోలేట్‌కు గరిష్ఠ పరిమితి అంటూ ఏదీ లేదు. కాబట్టి ఆకుకూర ఎక్కువైందేమో అని ఎవరూ లెక్కపెట్టనక్కరలేదు.

అమెరికాలో 1998లో నిర్ణయించి, ఇప్పటికీ విస్తృతంగా వాడుతున్న అంకెల ప్రకారం రోజువారీ అవసరం 1 నుంచి 3 ఏళ్ల వారికి 150 మైక్రోగ్రాముల డీఎఫ్ఈ, 4 నుంచి 8 ఏళ్ల వారికి 200, 9 నుంచి 13 ఏళ్ల వారికి 300, 14 నుంచి 18 ఏళ్ల వారికి 400. ఇవే వయసు బృందాలకు ఫోలిక్ యాసిడ్ గరిష్ఠ పరిమితి వరుసగా 300, 400, 600, 800 మైక్రోగ్రాములు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ చిన్న పిల్లల విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండి 1 నుంచి 3 ఏళ్ల వారికి 200, 4 నుంచి 6 ఏళ్ల వారికి 300, 7 నుంచి 10 ఏళ్ల వారికి 400, 11 నుంచి 14 ఏళ్ల వారికి 600, 15 నుంచి 17 ఏళ్ల వారికి 800 అని పెట్టింది. మీ దేశపు ఆరోగ్య శాఖ వేరే అంకెలు ఇచ్చి ఉంటే వాటినే పాటించండి, లెక్క వేసే పద్ధతి మారదు.

ఈ పరిమితి ఎలా వచ్చిందో తెలిస్తే, దాన్ని చూసి ఎంత భయపడాలో, ఎంత అక్కరలేదో అర్థమవుతుంది. బీ12 లోపం ఉన్న పెద్దవారికి రోజుకు 5 మిల్లీగ్రాములు, అంతకు మించి ఫోలిక్ యాసిడ్ ఇచ్చినప్పుడు రక్తహీనత తగ్గినట్టు కనిపించినా, బీ12 లోపం వల్ల నరాలకు జరిగే నష్టం లోలోపల పెరుగుతూ పోయిన సందర్భాలు నమోదయ్యాయి. ఆ 5 మిల్లీగ్రాములను జాగ్రత్త కోసం ఐదో వంతుకు తగ్గించి పెద్దలకు 1 మిల్లీగ్రాము అని నిర్ణయించారు. పిల్లల అంకెలను శరీర బరువును బట్టి దాని నుంచే తగ్గిస్తూ తీశారు. అంటే పిల్లల్లో ఈ గీత దాటగానే ఫలానా జబ్బు వస్తుందని చూసి పెట్టిన పరిమితి కాదిది. ఒకరోజు పరిమితి దాటితే కంగారు పడవలసింది ఏమీ లేదు, మిగులులో చాలా భాగం మూత్రంలో పోతుంది. కానీ నెలల తరబడి, ఏ ప్రయోజనమూ లేకుండా, రోజూ దాటుతుంటే దాన్ని సరిదిద్దడమే మంచిదని నా అభిప్రాయం. శరీరం ఫోలిక్ యాసిడ్‌ను వాడుకోవాలంటే ముందుగా ఒక ఎంజైము దాన్ని మార్చాలి. మనుషుల్లో ఆ ఎంజైము నెమ్మదిగా పనిచేస్తుంది కనుక ఒకేసారి ఎక్కువగా తీసుకుంటే కొంత భాగం మారకుండానే రక్తంలో తిరుగుతుంది. దానివల్ల హాని జరుగుతుందని రుజువు కాలేదు, పిల్లలకు మేలు జరుగుతుందనీ ఎవరూ చూపలేదు.

మూడో అడుగు: ఇంట్లో ఏ ఏ డబ్బాల్లో ఉందో వెతకడం

ఫోలిక్ యాసిడ్‌ను పిండిలో కలపడం పిల్లల కోసం మొదలైన పని కాదు. గర్భం దాల్చిన తొలి 28 రోజుల్లోనే, చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియకముందే, శిశువు వెన్నుపాముగా మారే నాళం మూసుకోవాలి. అది మూసుకోకపోతే వచ్చే లోపాలను ఫోలిక్ యాసిడ్ గణనీయంగా తగ్గిస్తుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రచురించిన ప్రయోగం స్పష్టం చేసింది. దాంతో అమెరికా 1998 నుంచి ప్రతి 100 గ్రాముల పిండికి 140 మైక్రోగ్రాముల చొప్పున కలపడం తప్పనిసరి చేసింది. ఆ తరువాత ఎన్నో దేశాలు ఇదే దారి పట్టాయి. ఇది ప్రజారోగ్యంలో గొప్ప మేలు చేసిన నిర్ణయం, దాన్ని శంకించవలసిన పని లేదు. అయితే అదే బ్రెడ్డును ఇంట్లోని చిన్నపిల్లలు కూడా తింటారు, వారు తమ బరువుతో పోల్చి చూస్తే పెద్దలకంటే ఎక్కువే తింటారు.

కాబట్టి వంటింటి అరలన్నీ ఒకసారి తెరిచి, ఫ్లేక్స్, బ్రెడ్డు, బిస్కెట్లు, పాస్తా, నూడుల్స్, ఫోర్టిఫైడ్ (అంటే విటమిన్లు కలిపినది) అని రాసిన పిండి, బియ్యం, పాలలో కలిపే పొడులు, ఎనర్జీ బార్లు, మొక్కల నుంచి తీసిన పాలు, ఇవన్నీ బల్ల మీద పెట్టండి. వాటి పక్కనే మందుల పెట్టెలోని మల్టీవిటమిన్లు, ఐరన్ సిరప్‌లు, గమ్మీలు ఉంచండి. ఐరన్ సిరప్ అని మాత్రమే మనం అనుకునే సీసాలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉండడం మామూలే. ప్రతి వస్తువు వెనుకా ఉన్న పదార్థాల జాబితాలో ఫోలిక్ యాసిడ్, ఫోలసిన్, విటమిన్ బీ9 అన్న పేర్లు వెతకండి. ఎల్-మిథైల్‌ఫోలేట్ (సప్లిమెంట్లలో వాడే ఫోలేట్ మరో రూపం) అని ఉంటే దాన్నీ ఇదే లెక్కలో కలుపుకోవడం జాగ్రత్త. ఈ పేర్లేవీ జాబితాలో లేకపోయినా పోషకాల పట్టికలో ఫోలేట్ కనిపిస్తే, అది సహజంగా ఉన్నదే కావచ్చు, పరిమితి లెక్కలోకి రాదు. పిండికి ఇప్పటికే కలిపి ఉందా అన్నది మాత్రం విడిగా చూడాలి, కొన్ని దేశాల్లో తెల్ల పిండికే కలుపుతారు తప్ప పొట్టుతో ఉన్న పిండికి కలపరు.

నాలుగో అడుగు: లేబుల్ మీది అంకెను చదవడం

ఒక లేబుల్‌ను దగ్గరగా చూద్దాం. అమెరికా పద్ధతిలో ఉన్న లేబుల్ మీద ఫోలేట్ 400 మైక్రోగ్రాముల డీఎఫ్ఈ అనీ, పక్కనే బ్రాకెట్లో 240 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అనీ ఉంటుంది. పరిమితితో పోల్చవలసింది బ్రాకెట్లోని 240నే. బ్రాకెట్ లేకుండా డీఎఫ్ఈ మాత్రమే ఇచ్చి, అదంతా కలిపిందేనని తెలిస్తే, ఆ అంకెను 0.6తో గుణిస్తే ఫోలిక్ యాసిడ్ వస్తుంది. మరికొన్ని దేశాల లేబుళ్ల మీద నేరుగా ఫోలిక్ యాసిడ్ ఇన్ని మైక్రోగ్రాములు అని ఉంటుంది, అక్కడ గుణించకూడదు. గుణిస్తే నిజంగా ఉన్నదానికంటే తక్కువ వస్తుంది.

శాతం మాత్రమే ఇస్తే, అది ఎవరి అవసరంలో శాతమో చూడాలి. అమెరికా లేబుళ్లలో 4 ఏళ్లు, ఆపై వారందరికీ నూరు శాతం అంటే 400 మైక్రోగ్రాముల డీఎఫ్ఈ. అయిదేళ్ల పిల్లకు నిజమైన అవసరం 200 మాత్రమే కాబట్టి, ఆ డబ్బా మీద 50 శాతం అని ఉంటే ఆ పిల్ల రోజు మొత్తం అవసరం ఒక్క గిన్నెలోనే తీరిపోయినట్టు. ఇది తెలియక, సగమే వచ్చింది కదా, మిగతా సగానికి ఇంకేదో ఇవ్వాలి అని తల్లిదండ్రులు అనుకోవడం సహజం.

ఇంకొకటి, సర్వింగ్ అన్న మాట. డబ్బా మీద 30 గ్రాములు అని ఉన్న సర్వింగ్‌ను ఒకసారి తూచి గిన్నెలో పోసి చూడండి. గిన్నె అడుగు కప్పి కాస్త పైకి వస్తుంది, అంతే. మీ పిల్లవాడు రోజూ తినేంత పోసి మళ్లీ తూచండి, 45 గ్రాములో 50 గ్రాములో ఉంటే ఆశ్చర్యం లేదు. లేబుల్ అంకెను ఆ నిష్పత్తిలో పెంచాలి. పైగా నిల్వలో విటమిన్ కొంత తగ్గిపోతుందని తయారీదారులు లేబుల్ మీద రాసినదానికంటే కాస్త ఎక్కువే కలుపుతారు, కాబట్టి మీ లెక్క సాధారణంగా అసలుకంటే కొంచెం తక్కువ వైపే ఉంటుంది.

ఐదో అడుగు: కూడిక

నాలుగేళ్ల పిల్లవాడి ఒక రోజును ఉదాహరణగా తీసుకుందాం. ఫ్లేక్స్ డబ్బా మీద 30 గ్రాములకు 200 మైక్రోగ్రాముల డీఎఫ్ఈ అని ఉంది, అదంతా కలిపిందే. 0.6తో గుణిస్తే 120 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. పిల్లవాడు తిన్నది 45 గ్రాములు కనుక 180. ఫోర్టిఫైడ్ బ్రెడ్డు రెండు ముక్కల్లో 50. పాలలో కలిపిన పొడిలో 80. ఇంతవరకు 310. ఈ వయసుకు అమెరికా పరిమితి 400 కాబట్టి దానికి లోపలే ఉంది. ఐరోపా పరిమితి 300 కనుక దాన్ని కాస్త దాటింది. ఇప్పుడు నమిలే మల్టీవిటమిన్ మాత్ర ఒకటి ఇస్తే, దానిలో 240. మొత్తం 550, రెండు పరిమితులనూ దాటిపోయింది.

ఇక అవసరం వైపు చూడండి. మాత్ర ఇవ్వకముందే ఉన్న 310ని 0.6తో భాగిస్తే సుమారు 517 మైక్రోగ్రాముల డీఎఫ్ఈ. ఆ పిల్లవాడికి కావలసింది 200. కూరల్లోనూ పండ్లలోనూ వచ్చిన సహజ ఫోలేట్‌ను అసలు లెక్కించకుండానే అవసరానికి రెండున్నర రెట్లు అందింది. మాత్ర తీర్చిన లోటు ఏదీ లేదు.

ఇది అరుదైన పరిస్థితి కాదు. అమెరికాలో జాతీయ స్థాయి ఆహార సర్వేలను విశ్లేషించినప్పుడు, ఫోలిక్ యాసిడ్ ఉన్న సప్లిమెంట్లు వాడే 1 నుంచి 13 ఏళ్ల పిల్లల్లో వయసును బట్టి 30 నుంచి 66 శాతం మంది పరిమితి దాటుతున్నట్టు తేలింది. 1 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో సప్లిమెంట్ ద్వారానే 200 మైక్రోగ్రాములు, అంతకు మించి తీసుకునేవారైతే దాదాపు అందరూ దాటుతున్నారు. మీరు కూడా ఒక్క రోజు లెక్కతో ఆగకుండా, బడి ఉన్న రెండు రోజులు, సెలవు రోజు ఒకటి రాసి సగటు తీయండి.

ఆరో అడుగు: లెక్క చూసి నిర్ణయించడం

మొత్తం పరిమితికి లోపల ఉండి, అవసరం తీరుతుంటే ఏమీ మార్చకండి. పరిమితి దాటుతుంటే మొదట తీసేయవలసింది వైద్యులు చెప్పకుండా మనంతట మనం మొదలుపెట్టిన మల్టీవిటమిన్‌ను, ఆహారాన్ని కాదు. పిల్లవాడికి విటమిన్ డీయో ఇనుమో కావాలని వైద్యులు చెప్పి ఉంటే, ఆ ఒక్కటే ఉన్న మందు ఇవ్వమని అడగండి. అన్నీ కలిపిన గమ్మీ ద్వారా ఒక లోటు తీర్చబోయి అక్కరలేని పది వస్తువులు ఇవ్వడం ఎందుకు?

ఫోర్టిఫైడ్ ఆహారం ఏదీ తినని పిల్లల సంగతి వేరు. గోధుమ వంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ పడని పిల్లలు తినే ప్రత్యేక బ్రెడ్డు, పిండి వంటివాటిలో చాలావరకు ఫోలిక్ యాసిడ్ కలపరు, పైగా గ్లూటెన్ వల్ల వచ్చే సీలియాక్ జబ్బులో పేగు దెబ్బతిని ఫోలేట్ ఒంటబట్టదు. అలాంటి ఇళ్లలో ఆకుకూరలు, చిక్కుళ్లు, పప్పులు, నారింజ, గుడ్డు క్రమంగా పెట్టాలి. ఫోలేట్ నీటిలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. అందుకని ఆకుకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయడం కన్నా ఆవిరి మీద కొద్దిసేపు ఉడికించడం మేలు.

ఏడాదిలోపు శిశువులకు తల్లిపాలలో సరిపడా ఫోలేట్ ఉంటుంది. పాలపొడి ఫార్ములాలో నియమం ప్రకారమే కలుపుతారు. మేకపాలలో మాత్రం ఇది చాలా తక్కువ, కేవలం మేకపాలతో పెరిగిన శిశువుల్లో ఫోలేట్ లోపపు రక్తహీనత వస్తుందని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. వైద్యులు చెప్పకుండా శిశువుకు ఫోలిక్ యాసిడ్ చుక్కలు వేయకండి.

కౌమారంలో ఉన్న ఆడపిల్లలకు రక్తహీనత ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో వారానికి ఒక్కసారి 60 మిల్లీగ్రాముల ఇనుము, 2.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తుంది. ఆ 2.8ని చూసి బెదరకండి. 2800 మైక్రోగ్రాములను ఏడు రోజులకు పంచితే రోజుకు 400 వస్తుంది. బడిలో ఇచ్చే అలాంటి మాత్రను మాన్పించకూడదు, అయితే దాన్ని పొరపాటున రోజూ వేయకూడదు.

ఏడో అడుగు: వైద్యులతోనే తేల్చుకోవలసినవి

కొందరు పిల్లలకు పై లెక్కలేవీ వర్తించవు. సికిల్ సెల్ వంటి జబ్బుల్లో ఎర్ర రక్తకణాలు త్వరగా నశిస్తాయి కనుక వైద్యులు పరిమితికి మించిన మోతాదు రాస్తారు, అది చికిత్స. మూర్ఛకు ఫెనిటోయిన్ వాడే పిల్లలకు ఫోలేట్ తగ్గవచ్చు. కానీ చెప్పకుండా ఫోలిక్ యాసిడ్ మొదలుపెడితే రక్తంలో ఆ మందు మోతాదు పడిపోయి మూర్ఛలు తిరగబెట్టే ప్రమాదం ఉంది. మెథోట్రెక్సేట్ ఫోలేట్‌కు అడ్డుపడే మందు. కీళ్లవాతానికి దాన్ని వాడేటప్పుడు వైద్యులే ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, క్యాన్సర్‌కు వాడేటప్పుడు మాత్రం మనంతట మనం ఇచ్చే విటమిన్ చికిత్సకే అడ్డు కావచ్చు. మలేరియాకు వాడే సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్ కూడా పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ వల్ల బలహీనపడుతుంది.

మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టని పిల్లలకు బీ12 సంగతి ముందు చూడాలి. పాలిపోవడం, త్వరగా అలసిపోవడం, నాలుక ఎర్రబడి నునుపుగా మారడం, నోటిపూతలు వంటి లక్షణాలు రెండు లోపాల్లోనూ కనిపిస్తాయి. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, నడకలో తూలడం బీ12 లోపం వైపు చూపుతాయి. రక్తపరీక్షలో రెండింటినీ కలిపి చూడమని అడగండి, ఒక్క ఫోలిక్ యాసిడ్ ఇచ్చి ఊరుకోవడం సరికాదు. ఫోలేట్‌ను శరీరం వాడుకునే రూపంలోకి మార్చే ఎంజైముకు సంబంధించిన ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో సాధారణంగా కనిపించే మార్పు ఉన్నంత మాత్రాన పిల్లలు ఫోలిక్ యాసిడ్‌ను అసలు వాడుకోలేరన్న ప్రచారం నిజం కాదు.

ఎనిమిదో అడుగు: మోతాదు, నిల్వ

మిల్లీగ్రాము, మైక్రోగ్రాము అన్న రెండు మాటల మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది. 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర చూడటానికి చిన్నదే, కాని దానిలో 5000 మైక్రోగ్రాములు ఉంటాయి. నాలుగేళ్ల పిల్లవాడి పరిమితికి అది పన్నెండు రెట్ల పైమాట. పెద్దవారికి రాసిన మాత్రను విరిచి పిల్లలకు పెట్టడం అందుకే వద్దు. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లకు ఎంతో లేబుల్ మీద చూసి, సీసాతో వచ్చిన కొలత మూతతోనో సిరంజితోనో కొలవండి. వంటింటి చెంచాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు.

గమ్మీని ఎప్పుడూ మిఠాయి అని పిలవకండి. పిల్లలకు అందని ఎత్తులో, వీలైతే తాళం ఉన్న అరలో పెట్టండి. ఒకవేళ పిల్లవాడు సీసా ఖాళీ చేస్తే, వెంటనే చూడవలసింది అందులో ఇనుము ఉందా అని. ఫోలిక్ యాసిడ్ ఒక్కసారి ఎక్కువైతే సాధారణంగా ప్రమాదం ఉండదు, ఇనుము ఎక్కువైతే చిన్నపిల్లలకు ప్రాణాపాయం. మనంతట మనం వాంతి చేయించకూడదు. సీసా చేత పట్టుకుని, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇనుము విషంలో మొదటి వాంతులు తగ్గాక కొన్ని గంటలపాటు పిల్లలు తేరుకున్నట్టే కనిపించి ఆ తరువాత పరిస్థితి విషమించవచ్చు కాబట్టి, దారిలో వాంతులు ఆగి పిల్లవాడు ఆడుకుంటున్నా సరే వెనక్కి తిరిగి రాకండి.